తడి తువాలును నమ్ముకోకు బిడ్డా

బిడ్డా,

హైడ్రా డీఆర్ఎఫ్ టీములో, అదే హైదరాబాద్‌లో ప్రమాదాలప్పుడు జనాన్ని కాపాడే దళంలో, నీకు పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో కాసేపు మాట రాలేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఫైర్ సర్వీసులో చేసినవాణ్ణి, మంటలంటే నాకు భయం లేదు. దుమ్మంటేనే భయం.

హెల్మెట్, బూట్లు, తాళ్ల సంగతి ట్రైనింగులో చెప్తారు, శ్రద్ధగా విను. వేళకు తిను.

ఓసారి సికింద్రాబాద్ వైపు పాత ఇల్లు కూలింది. టీముకు నేనే పెద్దని. శ్లాబు కింద ఓ ఆడమనిషి మూలుగుతోంది. మాస్కులోంచి నా మాట ఆమెకు అందక, తీసి మెడలో వేసుకున్నాను. "అమ్మా, వస్తున్నాం, మాట్లాడుతూ ఉండు" అని పిలుస్తూనే ఉన్నాను. ప్రాణాలతో తీశాం. అందుకు నాకు బాధ లేదు. ఆ తర్వాత మాస్కు మళ్లీ పెట్టుకోలేదు, అదీ నేను చేసిన తప్పు. ఉక్కపోస్తోందని తడి తువాలు ముక్కుకు చుట్టుకుని సాయంత్రం దాకా శిథిలాలు తీయించాను. పెద్దాయనే తీసేశాడు కదా అని నా వెనక కుర్రాళ్లు నలుగురూ తీసేశారు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. రాత్రి విప్పితే ఆ తువాలు సిమెంటు పట్టి అట్టలా బిగుసుకుపోయింది. ఉమ్మితే బూడిద రంగు. అయినా బుద్ధి రాలేదు, ఆ తర్వాత మాకందరికీ తువాలే అలవాటైంది.

ఆ నలుగురిలో ఒకతను ఇప్పుడు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. మొన్న మా ఇంటికొచ్చాడు. మొదటి అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఇసుకలో, కాంక్రీటులో ఉండే సిలికా అనే ఖనిజం కంటికి కనిపించనంత సన్న దుమ్మై ఊపిరితిత్తుల అడుగుకు దిగి మచ్చ కడుతుంది. ఆ జబ్బునే సిలికోసిస్ అంటారు. వస్తే నయం చేసే మందు లేదు, పైగా టీబీ త్వరగా పట్టుకుంటుంది. ఆ సన్న దుమ్మును తువాలు ఆపదు. కనీసం సన్న దుమ్మును వడకట్టే ఎన్95 మాస్కు ఉండాలి.

కొన్నాళ్ల పనికి ఏమవుతుందిలే అనుకోకు. 2001లో న్యూయార్క్ జంట టవర్లు కూలినప్పుడు 343 మంది ఫైర్ సిబ్బంది ఆ రోజే పోయారు. తర్వాత అక్కడి దుమ్ము, పొగ తెచ్చిన జబ్బులతో పోయిన ఫైర్ సిబ్బంది ఆ లెక్కను దాటేశారు. బతికినవాళ్లకు మొదటి ఏడాదిలోనే ఒక్క సెకనులో బలంగా ఊదగలిగే గాలి సగటున 372 మిల్లీలీటర్లు పడిపోయింది. అది పన్నెండేళ్ల వయసు మీద పడినంత. దుమ్ము మేఘం ఉండగానే మొదట వెళ్లినవాళ్లకే ఎక్కువ దెబ్బ. నువ్వు వెళ్లేదీ మొదటే కదా బిడ్డా.

డ్యూటీలో చేరకముందే స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష, చేయించుకో, కాగితం దాచుకో. ఏటా చేయించి దానితో పోల్చి చూడు. శిథిలాలు పగలగొట్టే ముందు నీళ్లు చల్లించు. యూనిఫాం ఇంట్లో దులపొద్దు, మీ అమ్మ పీలుస్తుంది.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. ఆ గడ్డం ఏంట్రా? గడ్డం మీద మాస్కు అతుక్కోదు, పక్కలనుంచి దుమ్ము లోపలికి పోతుంది. కోపం తెచ్చుకోకు, నీకు అందంగానే ఉంది. తీసేసి ఆదివారం రా. మాస్కు ముఖానికి సరిగ్గా పట్టిందో లేదో నేనే చూస్తాను.

మీ పెద్దనాన్న