రాత్రి అన్నం మానేస్తానన్న మేనకోడలికి

చిట్టి తల్లీ,

నిన్న మీ అమ్మ నీ టైంటేబుల్ ఫొటో తీసి పంపించింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుని తీరతానని పంతం పట్టావట. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మన ఇంట్లో ఆడపిల్ల తనంతట తాను ఒక చోటు పేరు చెప్పి, అక్కడే చదువుతానని నిలబడటం ఇదే మొదటిసారి. నేను డిగ్రీలో చేరింది కూడా మీ తాతయ్య ఫారం తెచ్చి చేతిలో పెడితేనే. నీ ఎంపిక కూడా మంచిదే. వేరే ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, నాలుగేళ్లు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్లు ఒకే చోట. ప్రభుత్వ బడి పిల్లవి కాబట్టి 4 శాతం అదనంగా కలుపుతారు.

ఆ ఫొటోను పెద్దది చేసుకుని గడి గడీ చదివాను. రంగు రంగుల స్కెచ్ పెన్నులతో ఎంత ముచ్చటగా గీశావో! కానీ రాత్రి ఎనిమిది గంటల గడిలో ‘భోజనం’ అని రాసి, దాన్ని కొట్టేసి, పైన ‘టీ’ అని రాశావు. పడుకోవడం పన్నెండున్నరకు, లేవడం మూడున్నరకు. ఉదయం టిఫినుకు పది నిమిషాలు, అది కూడా సాంఘిక శాస్త్రం పుస్తకం చూస్తూ. అక్కడే నా కంటికి కునుకు దూరమైంది. ఫోనులో చెబితే ‘సరే అత్తా’ అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఎలా చదవాలో నేను చెప్పను. మీ మాస్టార్లు చెబుతున్నారు, నీకూ తెలుసు. పాత పేపర్లు గడియారం ముందు పెట్టుకుని రాయి. హాల్ టికెట్టు, పెన్నులు ముందు రోజు రాత్రే సర్దుకో. ప్రశ్నపత్రం మొత్తం చదివాకే పెన్ను పట్టు. ఈ విషయంలో ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

చెప్పాల్సింది మీ నాన్న గురించి. ఇది రాయనా అని వాడిని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ‘రాయి అక్కా, నేనైతే దానికి చెప్పలేను’ అన్నాడు.

మీ నాన్న పదో తరగతి రాసింది 1991లో. తెలివైనవాడు, లెక్కల్లో మరీ. నేనప్పుడు విజయనగరంలో చదువుకుంటున్నాను. మార్చిలో ఇంటికి వచ్చేసరికి గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయి ఉన్నాడు. రాత్రంతా అరుగు మీద లాంతరు పెట్టుకుని, నిద్ర రాకుండా కాళ్లు చన్నీళ్ల బకెట్టులో పెట్టుకుని చదివేవాడు. అన్నం తింటే మత్తు వస్తుందని ఎవరో చెప్పారట. రాత్రి భోజనం పూర్తిగా మానేసి, స్టీలు గ్లాసుతో టీ మీద టీ తాగేవాడు.

మీ నానమ్మ ఎంత మంచిదో నీకు తెలుసు. కానీ ఆవిడ ఆ రోజుల్లో వీధిలో ఎవరు కనపడినా ‘మావాడు అన్నం ముట్టడం లేదమ్మా, పుస్తకం వదలడం లేదు’ అని గర్వంగా చెప్పేది. వాళ్లు కూడా ‘అదృష్టవంతురాలివి’ అనేవారు. అలా తిండి మానడమే చదువన్నట్టు అయిపోయింది. ఎంత నీరసపడితే అంత బాగా చదువుతున్నట్టు లెక్క. వాడికి కూడా అదే నమ్మకం పట్టుకుంది. తింటే తప్పు చేసినట్టు, పడుకుంటే ఎవరినో మోసం చేసినట్టు ఉండేదని తరువాత నాతో అన్నాడు.

లెక్కల పరీక్ష రోజు ఉదయం మీ నానమ్మ బలవంతం మీద కాస్త అంబలి తాగాడు. అది కూడా గుమ్మం దాటకముందే కక్కేశాడు. అలాగే బొబ్బిలి బస్సెక్కాడు. పరీక్ష మొదలైన అరగంటకు చేతులు చల్లబడి చెమటలు పట్టాయట. అక్షరాలు మసకబారాయి. తల బల్ల మీద వాల్చడం వరకే వాడికి గుర్తు. కళ్లు తెరిచేసరికి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. ఎవరో పుణ్యాత్ముడు పంచదార నీళ్లు పట్టిస్తున్నాడు. మళ్లీ లోపలికి వెళ్లి కూర్చునేసరికి చాలా సమయం పోయింది. ‘నాకు బాగా వచ్చిన సిద్ధాంతమే అక్కా. మొదటి గీత గీశాను, రెండోది ఎక్కడ గీయాలో గుర్తు రాలేదు’ అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి రాలేదు. నాలుగయింది, ఐదయింది. వాడితో పరీక్ష రాసిన పిల్లలందరూ వచ్చేశారు. మీ నానమ్మ వీధి గుమ్మంలో నిలబడే ఉంది. చీకటి పడుతుండగా నేను, పక్కింటి మావయ్య టార్చిలైటు పట్టుకుని వెతకడానికి బయలుదేరాం. చెరువు గట్టు మీద కనపడ్డాడు. చెప్పులు విప్పి, రెండూ జతగా పక్కన పెట్టుకుని, నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు. హాల్ టికెట్టు చిన్నగా మడిచి గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఆ చెప్పుల మీద లైటు పడగానే నా కాళ్లు చచ్చుపడిపోయాయి. ఎందుకు విప్పావని ఆ రోజు అడగలేదు, ఈ రోజు వరకూ అడగలేదు.

పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ‘ఇంట్లో అన్నం ఉందా?’ అన్నాడు. ఇంటికి తీసుకువెళ్లాక చల్లటి అన్నంలో మజ్జిగ పోసుకుని, మాగాయ నంజుకుని, మీ నానమ్మ వడ్డిస్తున్నకొద్దీ తిన్నాడు. ఆవిడ ఏడుస్తూనే వడ్డించింది. లెక్కల్లో యాభై దాటి నాలుగు మార్కులు వచ్చాయి. చేరాలనుకున్న చోట సీటు రాలేదు, ఊరికి దగ్గర కాలేజీలోనే ఇంటర్ చదివాడు. ఈ రోజు సర్వేయరుగా గొలుసు, కొలతలు, కోణాలతోనే బతుకుతున్నాడు. లెక్కలు వాడిని వదిలిపోలేదు.

నీ టైంటేబుల్ చూసినప్పుడు నాకు కనపడింది ఆ గట్టు. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, ఈ భయం నాలో అప్పటి నుంచీ ఉంది.

ఇక జీవశాస్త్రం టీచరుగా చెబుతున్నాను, విను. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే, కానీ మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు అదే తీసుకుంటుంది. పగలు చదివింది స్థిరపడేది రాత్రి నిద్రలో. మూడు గంటల నిద్రతో నువ్వు చదివేది ఎక్కువ, మిగిలేది తక్కువ. నీ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పరీక్షల్లో అంత కుదరదంటావు. సరే, పదికి పడుకుని ఐదున్నరకు లే. అంతకంటే ఒక్క నిమిషం తగ్గడానికి నేను ఒప్పుకోను. తెల్లవారుజామునే బుర్రకెక్కుతుందంటే తొమ్మిదిన్నరకే పడుకో, ఎవరు కాదన్నారు?

టీ గడి కొట్టేయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార నియమాల్లో, భోజనానికి గంట ముందు, గంట తరువాత వరకు టీ, కాఫీలు తాగవద్దని చెప్పింది. వాటిలోని టానిన్లు మనం తిన్న ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. నీ విషయంలో అది చిన్న సంగతి కాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ కింది రెప్ప లాగి చూశాను, పాలిపోయి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఈ వారమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకో. 12 కంటే తక్కువ ఉంటే డాక్టరు చెప్పినట్టు మందులు వాడు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసే పిల్లలను నేను ఎందరినో పట్టుకున్నాను. నువ్వు మాత్రం అన్నం తిన్నాక వేసుకో. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, ఐరన్ బాగా పడుతుంది. బడిలో డొక్కా సీతమ్మ గారి పేరు మీద పెడుతున్న భోజనంలో గుడ్డు వదిలేయకు. ఎనర్జీ డ్రింకులు, జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు అంటూ స్నేహితురాళ్లు ఎవరైనా తెస్తే ముట్టుకోకు.

పరీక్ష రోజు కొత్త వంటలేవీ వద్దు. రోజూ తినేదే తిను. ఇడ్లీ అయినా, చోడి (రాగి) అంబలి అయినా, పెరుగన్నమైనా సరే, తొమ్మిదిన్నర పరీక్షకు ఏడున్నరకల్లా తినడం అయిపోవాలి. పెరుగన్నం తింటే నిద్ర వస్తుందంటారు, పళ్లెం నిండా తింటే ఏదైనా నిద్రే తెస్తుంది. బస్టాండులో పునుగులు, బజ్జీలు ఈ నెల చూడను కూడా చూడకు. పరీక్షల రోజుల్లోనే ఉగాది వస్తుంది. పచ్చడి తిను, బొబ్బట్టు ఒక్కటి తిను, మిగతావి మీ అమ్మ దాచిపెడుతుంది. నీళ్ల సీసా తప్పకుండా తీసుకువెళ్లు. హాల్లో కాస్త తల తిరిగినట్టు అనిపించినా వెంటనే లేచి చెప్పు. పరీక్షా కేంద్రంలో ఓఆర్ఎస్ ప్యాకెట్లతో నర్సమ్మలు ఉంటారు. మీ నాన్న లాగా తల వాల్చేదాకా ఓర్చుకోకు.

ఇంకో మాట, ఇది సిగ్గుపడాల్సింది కాదు. నెలసరి పరీక్షల్లోనే వచ్చేలా ఉంటే ఇప్పుడే లెక్క చూసుకో. వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగవద్దు. కడుపునొప్పి మరీ ఎక్కువగా ఉంటే ముందుగానే డాక్టరమ్మకు చెబితే తగిన మాత్ర రాసిస్తుంది. సంచిలో రెండు ప్యాడ్లు పెట్టుకో. మధ్యలో బాత్రూముకు వెళ్లాల్సి వస్తే అడుగు, అది తప్పు కాదు.

భయం వేస్తుంది. వేయాలి కూడా. చేతులు చల్లబడటం, కడుపులో తిప్పడం, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాలనిపించడం ఒళ్లు చేసే పనులే. వాటిని చూసి ‘నాకేమీ రాదు’ అనుకోకు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా నోటితో వదులు. కొన్నిసార్లు చేస్తే గుండె దడ దానంతట అదే తగ్గుతుంది. గేటు దగ్గర ‘అది చదివావా, ఇది చదివావా’ అని అడిగే పిల్లలకు దూరంగా నిలబడు. పరీక్ష అయ్యాక జవాబులు సరిచూసుకోవద్దు. ఈ మధ్య పేపరుకూ పేపరుకూ మధ్య ఖాళీ ఇస్తున్నారు. ఆ రోజును పోయిన పేపరు కోసం ఏడవడానికి వాడకు.

చదువుతున్నా ఏమీ ఎక్కకపోయినా, ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తున్నా, అందరికీ దూరంగా ఎక్కడికైనా పోవాలనిపించినా ఆ నిమిషమే నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే. నాకు చెప్పుకోలేకపోతే 14416కు చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు ఉండదు. ఆ నంబరు నీ గోడ మీద కూడా రాసుకో.

సీటు రాకపోతే ఏమవుతుందని మీ అమ్మను అడిగావట. ఏమవుతుంది? ఇంటర్ చదువుతావు. ఈఏపీసెట్ రాస్తావు, అదే ఒకప్పటి ఎంసెట్. ఏ సబ్జెక్టయినా పోతే కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పెడతారు, ఏడాది కూడా పోదు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగుకు పెట్టుకోవచ్చు. నేను బడిలో పనిచేసినన్నాళ్లూ మార్చిలో తప్పి జూన్‌లో గట్టెక్కిన పిల్లలను చూశాను. వాళ్లలో కొందరు ఇప్పుడు నర్సులు, కొందరు టీచర్లు. నువ్వు మాకు సీటు కంటే ముందు పుట్టావు తల్లీ.

ఇక మీ ఇంట్లో వాళ్లకు. మీ అమ్మ పక్కింటావిడ కూతురి మార్కుల ఊసెత్తితే అత్త వద్దన్నదని చెప్పు. ‘మా అమ్మాయి అన్నం కూడా తినడం లేదు’ అనే మాట మాత్రం మన ఇంట్లో మళ్లీ ఎవరూ గొప్పగా చెప్పకూడదు. ఇది మీ నానమ్మకు కూడా చదివి వినిపించు. ఆవిడ ఏడుస్తుంది, ఏడవనీ.

చోడిపిండి పట్టించాను. నువ్వుండలు చేశాను, ఉసిరి పచ్చడి ఉంది. శుక్రవారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను, మీ నాన్నను తెచ్చుకోమను. పిండిని ముందు రాత్రే నీళ్లలో కలిపి పులవనిచ్చి, ఉదయం ఉడుకుతున్న నూకల్లో పోసి కాచమని మీ అమ్మకు చెప్పు. చల్లారాక మజ్జిగ కలుపుకుని తాగు. పరీక్షలు మొదలయ్యే ముందు రోజు నేనే వచ్చేస్తాను, అయ్యేదాకా ఉంటాను. వంట నేను చూసుకుంటాను. ఆ రోజుల్లో మీ అమ్మకు కూడా నిద్ర కావాలి.

ప్రేమతో,
మీ అత్త