కొండలెక్కడం ఎక్కడ నేర్చుకోవాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా, నేను తిరుపతిలో బీటెక్ సెకండియర్ చదువుతున్నా. చిన్నప్పట్నుంచీ అలిపిరి మెట్లెక్కడం అలవాటు, ఇప్పుడు రాక్ క్లైంబింగ్ నేర్చుకోవాలని, తర్వాత హిమాలయాలకి పోవాలని ఉంది. మా కాలేజీలో అడ్వెంచర్ క్లబ్ లాంటిదేం లేదు. యూట్యూబ్‌లో ముడులు నేర్చుకుంటున్నా. ఫ్రెండ్స్ అందరం డబ్బులేసుకుని తాడు కొని మేమే మొదలుపెడదామా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తాడు ఇప్పుడే కొనొద్దు చెల్లీ. ముడులు ప్రాక్టీస్ చెయ్యడం మాత్రం ఆపకు, ఫిగర్ ఆఫ్ ఎయిట్, బౌలైన్, క్లోవ్ హిచ్, ఈ మూడూ చీకట్లో కూడా వెయ్యగలిగేదాకా వెయ్యి. కానీ ఆ ముడి మీద మనిషి బరువు పడేముందు దాన్ని చూసి ఇది తప్పు, విప్పి మళ్ళీ వెయ్యి అని చెప్పే ట్రైనర్ పక్కన ఉండాలి, వీడియో ఆ మాట చెప్పదు కదా. ఇంకోటి, పైకెక్కేవాళ్ళ గురించే అందరూ ఆలోచిస్తారు గానీ కింద నిలబడి తాడు కంట్రోల్ చేసేవాళ్ళుంటారు, బిలేయర్ అంటారు, ఎక్కేవాళ్ళు జారితే ప్రాణం ఆ బిలేయర్ చేతిలోనే ఉంటుంది. నలుగురూ కొత్తవాళ్ళే అయితే ఆ తప్పు పట్టుకునేదెవరు?

మన దగ్గర మొదలుపెట్టడానికి భువనగిరి ఉంది, హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డులో యాభై కిలోమీటర్ల దూరం లోపే. ఆ కోట ఉన్న ఏకశిల మీదే రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టుకుంది ముందు అక్కడే. గురుకులంలో చదివే పిల్లలు వాళ్ళు, భువనగిరి తర్వాత డార్జిలింగ్, లదాఖ్‌లలో ట్రైనింగ్ అయ్యాక 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు, అప్పటికి పూర్ణకి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. అందరికీ ఎవరెస్ట్ ఫోటోనే గుర్తుంటుంది, నాకు మాత్రం వాళ్ళని దశలవారీగా తయారుచేసిన పద్ధతే చాలా గొప్పగా అనిపిస్తుంది.

రాక్ క్లైంబింగ్ కొంచెం వచ్చాక బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకి అప్లై చెయ్యి, బీఎంసీ అంటారు, దాదాపు నాలుగు వారాలు. 1954లో పెట్టిన డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (హెచ్ఎంఐ), 1965లో పెట్టిన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ (నిమ్), మనాలీలో ఒకటి, ఇవన్నీ ప్రభుత్వానివే. తిండి, బస, రక్‌శాక్ అనే వీపు సంచి, ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి, బూట్లు చాలావరకు వాళ్ళే ఇస్తారు కాబట్టి ప్రైవేట్ ట్రెక్ కంపెనీలతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ, ఏ ఏడాది ఫీజు ఎంతో ఆ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో చూసుకో. సీట్లు నెలల ముందే అయిపోతాయి, సెమిస్టర్ హాలిడేస్ డేట్స్ తెలిసిన రోజే అప్లై చేసెయ్. మంచు మీద నడవడం, జారితే ఐస్ యాక్స్‌తో ఆగడం, రాపెలింగ్ అంటే తాడు సాయంతో కిందకి దిగడం, మంచు పగుళ్ళలో పడ్డవాళ్ళని పైకి లాగడం అన్నీ నేర్పి చివర్లో గ్రేడ్ ఇస్తారు. ఎ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి తీసుకుంటారు, అందుకని ఏదో సెలవుల్లో తిరిగొద్దామని పోకు.

ఇక అలిపిరి అంటావా, అంతకన్నా మంచి జిమ్ ఏ ఊళ్ళో ఉంది చెప్పు! మూడువేల అయిదొందల యాభై మెట్లు. ముందు ఖాళీగా ఎక్కు, తర్వాత బ్యాగ్‌లో నీళ్ళ బాటిళ్ళు పెట్టుకుని బరువు మెల్లగా పెంచుకుంటూ పో. దిగేటప్పుడు బస్సెక్కకుండా నడిచే దిగు, మోకాళ్ళకి అసలు పరీక్ష దిగడంలోనే ఉంటుంది. శేషాచలం అడవిలోకి మాత్రం ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా అడుగుపెట్టొద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరం, ఎన్‌సీసీల ఉంది. కొండలెక్కే కోర్సుకు సెలెక్ట్ అయింది. 2014ల మన హైదరాబాద్ కాలేజీ పిల్లలు బియాస్ నదిల కొట్టుకపోయిన సంగతి నేనింకా మర్చిపోలే. పంపాల్నా వద్దా? చదువు పాడైతదని కూడా భయమైతుంది.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అన్నగారూ, ఆ జూన్ 8 ఏ తల్లీతండ్రీ మర్చిపోలేరు. ఇరవై నలుగురు పిల్లలు. అయితే వాళ్ళు ఏ సాహసమూ చెయ్యలేదండి, ఇండస్ట్రియల్ టూర్‌లో దారిలో ఆగి ఫోటోల కోసం నది మధ్య రాళ్ళమీదకి వెళ్ళారు, పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు మీదకొచ్చేశాయి. డ్యామ్ కింద ఉన్న నది ఎండిపోయినట్టు కనబడ్డా ఏ నిమిషమైనా లేస్తుంది, నీళ్ళలో కాలు పెట్టేముందు పైన ఏముందో కనుక్కోవాలి, ప్రమాదాన్ని ఇలా ముందే పసిగట్టే అలవాటు నేర్పేది మీ అమ్మాయి వెళ్తున్నలాంటి కోర్సుల్లోనే. నన్నడిగితే, నేర్చుకోని పిల్లలకే ప్రమాదం ఎక్కువ. ఈత రాకుండానే జలపాతాలకీ చెరువులకీ పోయి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్త ఎండాకాలం వస్తే చాలు పేపర్లో ఉంటుంది, చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

పంపండి. కానీ గుడ్డిగా వద్దు. కోర్సు ఎక్కడ, అమ్మాయిలతో లేడీ ఆఫీసర్ ఎవరొస్తున్నారు, ఫోన్ సిగ్నల్ లేనిచోట కబురెలా తెలుస్తుంది, ఇవన్నీ ఎన్‌సీసీ ఆఫీసర్‌ని కూర్చుని అడగండి, అడగడం మీ హక్కు. ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య ఏది ఉన్నా మెడికల్ ఫారంలో దాచొద్దు. మీ బిడ్డకి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, పైకెళ్ళాక తలనొప్పి, వాంతులు, తూలడం ఏది మొదలైనా వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పమనండి. రెండున్నర వేల మీటర్ల ఎత్తు దాటాక ఎంత బలమైనవాళ్ళకైనా ఇవి రావొచ్చు, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి, అప్పుడు ఆలస్యం చెయ్యకుండా కిందకి దింపాల్సిందే. వెనక పడిపోతానేమో అని మాట్లాడకుండా భరించే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చాలామంది ఉంటారు.

చదువంటారా, మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం అన్నీ చదివి 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయాడు, అది కూడా మీకు చెప్పాలి, దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. మీ బిడ్డ వెళ్తున్నది మాత్రం ఒంటరిగా కాదు, ట్రైనర్లున్న బ్యాచ్‌తో.

ప్రశ్న: అక్కా, అమెరికాలో ఎంఎస్ చేస్తున్నా. వీకెండ్ వస్తే మనవాళ్ళందరూ హైకింగ్ అంటూ కార్లేసుకుని బయల్దేరతారు, ఒక్కడికీ ఏం తెలీదు. ఇక్కడ నేర్చుకోవడం బాగా కాస్ట్లీనా?
– ఒక విద్యార్థి, అరిజోనా

జవాబు: తమ్ముడూ, నువ్వు సెమిస్టర్ ఫీజులో కట్టేస్తున్నదాంట్లోనే చాలాచోట్ల జిమ్ ఉంటుంది, ఆ రిక్రియేషన్ సెంటర్‌లోనే క్లైంబింగ్ వాల్, అవుట్‌డోర్ ప్రోగ్రామ్ ఉన్నాయేమో వెళ్ళి అడుగు. టెంటు, స్లీపింగ్ బ్యాగ్ తక్కువ అద్దెకిస్తారు, గైడ్‌తో ట్రిప్పులేస్తారు, ఫస్ట్ ఎయిడ్ క్లాసులు కూడా కొన్నిచోట్ల పెడతారు. బాగా నేర్చుకుంటే అక్కడే ట్రిప్ లీడర్‌గా పార్ట్‌టైమ్ జాబ్ రావొచ్చు, క్యాంపస్ జాబే కాబట్టి క్లాసులు నడిచే టైమ్‌లో వారానికి ఇరవై గంటల లోపు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చేసుకోవచ్చు. అరిజోనా అన్నావు గనక, గ్రాండ్ కాన్యన్‌లో ఒక్కరోజులో కింద నది దాకా దిగి మళ్ళీ పైకి రావొద్దని పార్క్ వాళ్ళే చెప్తారు, ముఖ్యంగా ఎండాకాలం. మన కొండలకి అది రివర్స్, ముందు తేలిగ్గా దిగిపోతారు, ఎండ ముదిరాక ఎక్కాల్సొస్తుంది, కింద ఇంకా వేడి ఎక్కువ. ఈ వీకెండ్ బయల్దేరేముందు ఏ ట్రెయిల్, ఎన్నింటికి వెనక్కొస్తారు, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే 911కి చెప్పాలి, ఈ మూడూ ట్రిప్పుకి రాని రూమ్మేట్‌కి రాసిచ్చి వెళ్ళండి.