కొత్త చార్జర్ కోసం వెళ్తే పాతదే బాగుచేసి పంపారు

ఊరు కాని ఊళ్ళో ఏదైనా ఎలక్ట్రానిక్స్ షాపువాళ్ళు మిమ్మల్ని బాగా చూసుకున్నారా అని ఒకరు అడిగారు. చూసుకున్నారు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో.

కిందటేడు నాన్నకి కళ్ళు చూపిద్దామని ఒంగోలు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళాం. ట్రిప్లికేన్‌లో లాడ్జిలో దిగాం. రెండో రోజు పొద్దున లాప్‌టాప్ మొరాయించింది. చార్జర్ పెట్టి ఉంచితే నడుస్తోంది, బ్యాటరీ మాత్రం 23 శాతం దగ్గర్నుంచి కదలదు. మర్నాడు తిరుగు రైల్లో కూర్చుని ఆఫీసు పని పూర్తి చేసి పంపాలి. ఒకటే టెన్షన్.

సాయంత్రం ఆస్పత్రి నుంచి ఆటోలో నేరుగా రిచీ స్ట్రీట్‌కే వెళ్ళాం. మౌంట్ రోడ్డు పక్కనే. రిచీ స్ట్రీట్ అంటారు గానీ నరసింగపురం వీధి, మీరాన్ సాహిబ్ వీధి అన్నీ కలిపి అదే పేరు. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, మేం వెళ్ళింది శనివారం కాబట్టి సరిపోయింది. మొదటి షాపులో చార్జర్ చేతిలోకి కూడా తీసుకోకుండా కొత్తది 1,800 అన్నారు. పక్క సందులో ఇంకో చిన్న షాపు కనిపిస్తే అక్కడా కొత్తదే అడిగాను.

“ముందు పాతది చూపించండి సార్” అన్నారు షాపాయన, తమిళం కలిసిన తెలుగులో. మీటరు పెట్టి చూశారు. 19.5 వోల్టులు సరిగ్గా వస్తోంది. అప్పుడు లాప్‌టాప్‌లో గుచ్చే పిన్ను నాకు చూపించారు. దాని మధ్యలో సూది లాంటి సన్న పిన్ను ఇంకోటి ఉంది. ఈ చార్జర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి తెలిసేది దాని ద్వారానేనట. దానికి వెళ్ళే వైరు లోపల తెగితే లాప్‌టాప్ చార్జర్‌ని గుర్తుపట్టదు, బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించడం ఆపేస్తుంది. ఇన్నేళ్ళుగా వాడుతున్నా నాకు ఈ సంగతి తెలియదు.

ఆస్పత్రిలో నాన్న కళ్ళలో చుక్కల మందు వేశారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నా వెలుతురు ఓర్చుకోలేకపోతున్నారు. షాపాయన అది గమనించి “ఉక్కారుంగ అయ్యా” అని తన స్టూలు ఇచ్చారు. టేబుల్ లైటు లేకుండా టంకం పెట్టడం కుదరదు. ఒక అట్టపెట్టె మూత చింపి, నాన్న వైపు వెలుతురు పడకుండా లైటుకి అడ్డంగా ఆనించి, అప్పుడు పని మొదలుపెట్టారు.

పిన్ను దగ్గర నాలుగు వేళ్ళ మేర వైరు కత్తిరించి, కొత్త పిన్ను వైరు అతికారు. మూడు తీగలకీ విడివిడిగా తొడుగులు వేసి లైటర్‌తో వేడి చేశారు. తర్వాత నా లాప్‌టాప్‌కే పెట్టి, 23 కాస్తా 25 అయ్యేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. 150 రూపాయలు. నేను 200 ఇస్తే 50 తిరిగి చేతిలో పెట్టారు. “కొత్తది అమ్మేయొచ్చు కదండీ” అంటే, “చార్జర్ బాక్సు బాగానే ఉంది కదా సార్” అన్నారు, అంతే. వైరుని బాక్సు చుట్టూ బిగించి చుట్టొద్దని, పిన్ను దగ్గర మడత పడకుండా వదులుగా చుట్టమని చేసి చూపించారు. ఇప్పటికీ అలాగే చుడుతున్నాను, చార్జర్ బాగానే పనిచేస్తోంది.

నాన్నకి ఆ చార్జర్ గొడవ ఏమీ గుర్తులేదు. చెన్నై మాట వస్తే చాలు, ఆ అట్టమూత గురించే చెప్తారు.