భూకంపానికి అపార్ట్‌మెంట్ పగిలితే రిపేర్ చేయించాలా, పడగొట్టాలా?

2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన 5.3 భూకంపం తర్వాత విజయవాడలో తమ ఫ్లాట్ గోడల మీద పగుళ్లు కనిపించాయని, అప్పటినుంచి టెన్షన్‌గా ఉందని అడిగినవారు రాశారు.

గోడలను కాసేపు వదిలేయండి. పార్కింగ్‌లోకి దిగి పిల్లర్లు చూడండి. స్లాబ్ కింద బీమ్ వచ్చి కలిసే చోట, కింద నేల దగ్గర. పిల్లర్లు బాగుంటే ఇటుక గోడ చెయ్యి పట్టేంత చీలినా బిల్డింగు నిలబడుతుంది. పిల్లర్‌లో ఏటవాలు గీత కనిపిస్తే మాత్రం ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2001లో నేను అహ్మదాబాద్‌లో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాణ్ణి. జనవరి 26 ఉదయం 8.46కి భూకంపం వచ్చింది. కేంద్రం కచ్‌లో భచావు దగ్గర, మాకు రెండొందల కిలోమీటర్ల పైమాటే. అయినా మా నగరంలో 750 మంది దాకా పోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం కింద పార్కింగ్ వదిలి పైన అంతస్తులు లేపినవే. పైన గోడలుంటాయి కాబట్టి బిగువుగా ఉంటుంది, కింద ఒట్టి పిల్లర్లు. ఊగినప్పుడు దెబ్బంతా వాటి మీదే. పాత ఊళ్ళో చెక్క దూలాలతో కట్టిన పోళ్ళ (ఇరుకు సందుల పాత పేటల) ఇళ్లు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. అప్పుడు మా ఆఫీసులో ఎవరూ ఈ తేడా గురించి మాట్లాడడానికి ఇష్టపడలేదు.

ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ సొసైటీకి వెళ్లాం. జనం ఎదురుగా మైదానంలో షామియానా వేసుకుని ఉన్నారు. సెక్రటరీ ఒక రిటైరైన పెద్దమనిషి, అందరూ కాకా అంటారు. మేం వెళ్లేసరికే పార్కింగ్ పిల్లర్లకు సిమెంట్ మెత్తించి, సున్నం కూడా కొట్టించేశాడు. "ఏమీ కాలేదు సాబ్, సర్టిఫికెట్ రాసిచ్చేయండి, ఆడవాళ్లు చలిలో ఉన్నారు" అన్నాడు. మా సార్ మాట్లాడకుండా సుత్తి, ఉలి నా చేతికిచ్చారు.

మూల పిల్లర్ మీద కొట్టాను. పూత అట్టలా ఊడొచ్చింది. లోపలి కాంక్రీటు గుప్పిట్లోకి రాలింది. నిలువు కడ్డీలు బయటికి విల్లులా వంగాయి. ఆ కడ్డీల చుట్టూ కట్టే ఇనప రింగులు జానెడుకు మించిన దూరంలో ఉన్నాయి, వాటి కొనలు లోపలికి వంచలేదు, మూలలో మడిచి వదిలేశారు, అందుకే విచ్చుకున్నాయి. బీమ్ కలిసే చోట రింగే లేదు. కాంక్రీటు మధ్యలో సిమెంట్ సంచి ముక్క ఒకటి. కాకా దాన్ని వేలితో లాగి, చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సర్టిఫికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

రింగుల కొనలు 135 డిగ్రీలకు వంచాలని భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920లో 1993 నుంచే ఉంది. ఆ మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు. కింద గోడలు లేని అంతస్తు పిల్లర్లను రెండున్నర రెట్ల బలానికి లెక్కవేయాలన్న నిబంధన 2002లో, ఇంత మంది పోయాక వచ్చింది.

ఆ బిల్డింగు ఒరగలేదు కాబట్టి రిపేర్‌కే వెళ్లాం. ముందు జాకీలతో బీములకు దన్ను. తర్వాత పిల్లర్ చుట్టూ పెచ్చు కొట్టేసి, కొత్త కడ్డీలు పునాది నుంచి స్లాబ్ దాటించి, దగ్గరదగ్గరగా రింగులు కట్టి, కొత్త కాంక్రీటు తొడుగు. పగులులో ఎపాక్సీ అనే గట్టి జిగురు ఎక్కించి ఊరుకుంటే భూకంపం ముందురోజు ఉన్న బలమే తిరిగొస్తుంది. అది చాలలేదనే కదా పగిలింది! నేల మట్టం దగ్గర ఆపేసిన తొడుగులు కూడా చూశాను, వాటికి పెట్టిన డబ్బు మట్టిలో పోసినట్టే.

వాళ్ళ ఎదురు సొసైటీలో ఒక అంతస్తు పక్కకు జరిగింది. అలా ఒరిగితే రిపేర్ మాటే వద్దు, పడగొట్టడమే. అదీ పైనుంచి, స్లాబ్ తర్వాత స్లాబ్. కింద జేసీబీ పెట్టి గుద్దితే ఎటు పడుతుందో దేవుడికే తెలియాలి. తలుపులు, గ్రిల్స్, ఇనుము కాంట్రాక్టరు పట్టుకుపోతాడు. ఆ వంగిన కడ్డీలనే సుత్తితో సాపు చేసి మళ్ళీ ఎవరి ఇంటికో అమ్ముతారు, అది వేరే బాధ. పడగొట్టాక అసలు గొడవ మొదలవుతుంది: స్థలంలో ఎవరి వాటా ఎంత, మళ్ళీ కట్టడానికి ఎవరు ముందు డబ్బు తీయాలి.

మనవాళ్ళు ఇంకో అడుగు ముందున్నారు. వాస్తు కోసం గోడ తీసేస్తారు, పార్కింగ్‌లో కారు తిరగడం లేదని పిల్లర్ మూల చెక్కేస్తారు. అడిగితే "ఇక్కడ భూకంపాలు రావు సార్" అంటారు. భద్రాచలం దగ్గర 1969లో వచ్చింది ఏమిటి మరి?

ఇక మీ పగుళ్లు. ములుగు మీకు చాలా దూరం, తీవ్రత 5.3; కచ్‌లో వచ్చింది దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఫొటో చూడకుండానే చెబుతున్నాను, అవి చాలావరకు పాతవే అయ్యుంటాయి, ఆ రోజు మీరు గోడ వంక మొదటిసారి చూశారంతే. అయినా ఈ ఏడాది రంగులకు తీసిన అసోసియేషన్ డబ్బు ఆపి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. బిల్డర్ పంపే మనిషి వద్దు, ఫీజు మీరే కట్టండి. ఆయన ప్లాస్టర్ కొట్టి చూస్తానంటే అడ్డుపడకండి.