ఆ సాక్సోఫోన్ ఎందుకలా అరుస్తుంది?

గత సంచికలో ‘లాస్ట్ ఎగ్జిట్’ అనే నలుగురి బృందం గురించి ఒక పేజీ రాశాను. 1986 ఫిబ్రవరిలో పారిస్‌లో వేదిక మీద వాళ్ళు వాయించింది వాయించినట్టు ఆల్బంగా వచ్చింది. జాజ్ కట్టుబాట్లను వదిలేసి వాయించే ఫ్రీ జాజ్ మనుషులూ రాక్ మోతా కలిసిన సంగీతం అది. రాసుకున్న పాట ముందు పెట్టుకోరు, అప్పటికప్పుడు పుట్టిస్తారు. దానిమీద ఉత్తరాలు ఇంత ఘాటుగా వస్తాయని సంపాదకులు అనుకోలేదట. నల్లగొండ గడియారం సెంటర్లో క్యాసెట్ల దుకాణం నడిపినవాణ్ణి, నాకు ఆశ్చర్యం కలగలేదు. కౌంటర్ దగ్గర ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను.

ప్రశ్న: మీరు అంతగా మెచ్చుకున్నారు కదా అని మనవడి ఫోనులో పెట్టించుకుని విన్నాను. నలుగురూ నాలుగు దిక్కులకు లాగుతున్నారు. శ్రుతి లేదు, తాళం లేదు, పల్లవి అసలే లేదు. వాద్యాలు సవరించుకుంటున్నారేమో, కాసేపటికి మొదలుపెడతారులే అని ఎదురుచూశాను. ఆల్బం అయిపోయింది. దీన్ని సంగీతం అనడానికి మీకు మనసెలా ఒప్పింది?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: మాస్టారూ, చివరిదాకా విన్నారు. చాలామంది రెండో నిమిషంలోనే ఆపేసి ఉత్తరం మొదలుపెట్టారు కాబట్టి మీ కోపానికి విలువ ఎక్కువ.

నలుగురినీ ఒకేసారి పట్టుకోబోతే ఎవరికైనా తల తిరుగుతుంది. ఈసారి డ్రమ్స్ వాయించే రొనాల్డ్ షానన్ జాక్సన్ ఒక్కడి వెంటే నడవండి. అతనిది టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్. ఫ్రీ జాజ్‌కు ఆ పేరు తెచ్చిన ఆర్నెట్ కోల్‌మన్‌దీ అదే ఊరు. జాక్సన్ ఆ కోల్‌మన్ దగ్గర వాయించాడు, పియానో వాయించే సెసిల్ టేలర్ దగ్గర వాయించాడు, సాక్సోఫోన్ ఊదే ఆల్బర్ట్ ఐలర్ దగ్గర వాయించాడు. ఆ ముగ్గురి చేతుల్లో నలిగినవాడికి తాళం తెలియదంటే నేనొప్పుకోను. కాలితో తొక్కే పెద్ద డ్రమ్మును గమనించండి. పైన ఎంత దుమారం లేచినా కింద నడక ఉంటుంది. తిరిగి తిరిగి మొదటికి వచ్చే ఆవర్తనం మాత్రం ఉండదు. మీకు తాళం లేదనిపించింది అందుకే.

రెండోసారి గిటారు వినండి. సానీ షరాక్‌కు మొదటినుంచీ సాక్సోఫోన్ మీదే మనసు. ఉబ్బసం ఉండటంతో ఊదే వాద్యం కుదరక గిటారు పట్టాడు. ఆ తీరని కోరిక అతని వేళ్ళలో వినిపిస్తుంది, తీగ మీటుతున్నట్టు కాకుండా గాలి ఊదుతున్నట్టు వాయిస్తాడు. పక్కన నిజంగానే ఊదుతున్నవాడు పీటర్ బ్రోట్స్‌మన్. జర్మనీలోని వుప్పర్టాల్ అతని ఊరు, చదివింది చిత్రలేఖనం. బాస్ గిటారు బిల్ లాస్వెల్‌ది. రిహార్సల్ చేసుకోకుండా వేదిక ఎక్కడం ఈ బృందం పెట్టుకున్న పద్ధతి.

కచేరీలు విన్న చెవి మీది, అప్పటికప్పుడు అల్లే మనోధర్మం మీకు కొత్త కాదు. నెరవులో విద్వాంసుడు ఎంత విస్తరించినా చేతిలో ఒక సాహిత్య పంక్తి ఉంటుంది. కల్పనస్వరాలు ఎంత దూరం తిరిగొచ్చినా పల్లవి ఎత్తుగడ దగ్గరికి వచ్చి పడాలి, అప్పుడే సభ తల ఊపుతుంది. వీళ్ళకు ఆ ఎత్తుగడ లేదు. ఎక్కడికి చేరాలో వాయిస్తూనే తేల్చుకోవాలి, అదీ నలుగురూ కలిసి. ఒక్కోసారి చేరరు. ఈ కోవలో వచ్చే రికార్డుల్లో చాలావాటికి నాకూ విసుగే. ఎవరి గొడవ వారిదిగా, పక్కవాడు ఏం చేస్తున్నాడో వినకుండా గంటసేపు ఊదేవాళ్ళున్నారు. వాటిని మీరు తిట్టండి, నేనూ తోడొస్తాను.

ఇంకా ఓపిక ఉంటే కోల్‌మన్ 1960 డిసెంబరులో చేసిన ‘ఫ్రీ జాజ్’ పెట్టండి. అది స్టూడియోలో చేసిందే గాని, చెవికి పాఠం చెప్పడానికి దానికి సాటి లేదు. ఎనిమిది మందిని రెండు జట్లుగా విడదీసి ఎడమ స్పీకరులో ఒక జట్టును, కుడి స్పీకరులో ఇంకో జట్టును ఉంచారు. ముప్పై ఏడు నిమిషాలు ఏకబిగిన సాగుతుంది. మనవడి ఇయర్‌ఫోన్ తీసుకుని మొదట ఎడమది ఒక్కటే పెట్టుకోండి. కోల్‌మన్ ఆల్టో సాక్సోఫోన్, డాన్ చెర్రీ ట్రంపెట్ అక్కడుంటాయి. తర్వాత అది తీసేసి కుడిది పెట్టుకుంటే ఎరిక్ డాల్ఫీ బాస్ క్లారినెట్, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్. ఆ తర్వాత రెండూ పెట్టుకోండి. అప్పటిదాకా గోల అనిపించినది రెండు వసారాల మధ్య సంభాషణలా విడివిడిగా వినబడుతుంది. అప్పటికీ నచ్చకపోతే ఇంకో ఉత్తరం రాయండి. మీ దస్తూరీ చదవడానికి హాయిగా ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చాడు. రాత్రిపూట గది తలుపు వేసుకుని ఇలాంటి అరుపులే వింటున్నాడు. పక్కింటివాళ్ళు అడుగుతున్నారు. వాడి మనసు బాగానే ఉందంటారా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి వాడికి హెడ్‌ఫోన్ లేదన్న ఒక్క లోపమే నాకు కనిపిస్తోంది. అది కొనివ్వండి. అన్నం తింటున్నాడా, స్నేహితులతో మాట్లాడుతున్నాడా, నిద్రపోతున్నాడా చూసుకోండి. అవి సరిగ్గా లేకపోతే పాటలతో సంబంధం లేకుండా డాక్టరుకు చూపించాల్సిందే. అవి బాగుంటే ఒకసారి పక్కన కూర్చుని ‘ఇందులో నీకు ఏం బాగుందిరా’ అని అడగండి. చెప్పడానికి ఎదురుచూస్తూ ఉంటాడు, ఈ వయసులో కొత్త సంగీతం దొరికినవాళ్ళందరూ అంతే.

ప్రశ్న: మేము జాతరలకు, పెళ్ళిళ్ళకు డప్పు కొడతాం. ఏ దరువు తర్వాత ఏ దరువో మాకు ఎవరూ రాసివ్వరు. ముందున్నవాడు ఒక్కసారి తిరిగి చూస్తే అందరం మారిపోతాం. మీరు రాసిన అమెరికావాళ్ళు చేసేదీ ఇదే కదా? వాళ్ళది ఆల్బం అయింది, మాది చప్పుడు ఎందుకైంది?
– డప్పు కళాకారుడు, అచ్చంపేట దగ్గరి పల్లె

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఇదే పెద్ద ప్రశ్న, అన్నా. ముందు సంగీతం సంగతి. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల ఏ క్షణాన ఏం చేయాలో మీరు అక్కడికక్కడే నిర్ణయించుకుంటారు. అయితే మీ చేతిలో తాతల నాటి దరువులున్నాయి, మీ ఎదుట ఆడే కాళ్ళున్నాయి, ఊరేగింపు నడక ఉంది. దరువు తప్పితే ఆ కాళ్ళే చెబుతాయి. లాస్ట్ ఎగ్జిట్‌కు ఆ కాళ్ళు లేవు, జనం కుర్చీల్లో ఉంటారు లేదా ఊరికే నిలబడి ఉంటారు. తప్పిందో లేదో పక్కవాడి ముఖం చూసి తెలుసుకోవాలి.

ఇక చప్పుడు సంగతి. ఆ మాట అన్నవాళ్ళు మీ దరువు వినకముందే మీరెవరో చూశారు. అమెరికాలో నల్లజాతి సంగీతకారులు తరతరాలుగా ఇదే మాట పడ్డారు. కోల్‌మన్‌ను వేదిక మీంచి దించేసినవాళ్ళున్నారు, ఊదడం రాదన్నవాళ్ళున్నారు. ఆయనే 1973లో మొరాకోలోని జజూకా అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ తరతరాలుగా సన్నాయిలాంటి వాద్యాలు ఊదేవాళ్ళు, డోళ్ళు కొట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నేర్పబోలేదు, మధ్యలో నిలబడి తన సాక్సోఫోన్ వాయించాడు. ఆ రికార్డింగులో ఒక ముక్క 1977లో ఆయన ఆల్బంలో వచ్చింది. మన దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెర మీద 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే కిన్నెరతో ఆయన ఊరూరా తిరిగినప్పుడు ఎంతమంది ఆగి విన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆల్బం కావడానికి కావలసింది అట్ట, దాని మీద వాయించినవాళ్ళ పేర్లు. జాతర క్యాసెట్ల మీద దేవుడి బొమ్మ ఉండేది, కంపెనీ పేరు ఉండేది, డప్పు కొట్టినవాళ్ళ పేర్లు వెతికినా దొరికేవి కావు. ఈసారి మీ బృందం మంట దగ్గర డప్పులు కాచుకునే దగ్గర్నుంచి, డప్పు చల్లబడి గొంతు మారేదాకా మొత్తం రికార్డు చేయించండి. అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసి పెట్టండి. నాకు పంపితే ఈ పేజీలోనే దాని గురించి రాస్తాను.

ప్రశ్న: ఎన్నిసార్లు పెట్టినా ఆ ఆల్బంలో అదే చోట అదే అరుపు వస్తుంది. మరి ‘అప్పటికప్పుడు’ అంటారేమిటి?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: గట్టిగా పట్టుకున్నావమ్మా. ఈ చిక్కు వాయించేవాళ్ళకూ తెలుసు. పైన చెప్పిన ఎరిక్ డాల్ఫీ 1964 జూన్‌లో హాలండ్‌లో ఒక రికార్డింగు చేశాడు. దాని చివర ఆయన మాట వినిపిస్తుంది. సంగీతం అయిపోయాక గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ పట్టుకోలేమని ఆ మాటల సారం. ఆ నెలాఖరుకే ఆయన చనిపోయాడు. మనం ఆ మాటను పట్టుకునే ఉన్నాం, ఫోనులో!

నువ్వు వినేది ఒక రాత్రి జాడ. నమ్మకం కుదరాలంటే జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ చేసినవి రెండు విను. 1975 ఫిబ్రవరి 1న జపాన్‌లోని ఒసాకాలో ఒకే హాలులో, ఒకే బృందంతో మధ్యాహ్నం ఒక కచేరీ, సాయంత్రం ఒక కచేరీ చేశాడు. మధ్యాహ్నానిది ‘అఘార్త’, సాయంత్రానిది ‘పాంజియా’. మనుషులు వాళ్ళే, వాద్యాలు అవే, రోజు అదే. రెండూ ఒకే దారిన పోవు. నాకు మధ్యాహ్నానిది ఎక్కువ ఇష్టం, అందులో పీట్ కోసీ గిటారు మంటలా ఉంటుంది.

అప్పటికప్పుడు అంటే అందరూ ఎప్పుడూ ఏదో ఒకటి వాయిస్తూనే ఉండాలని కూడా కాదు. కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీ చేసింది. వయొలిన్, బాస్, మెలోట్రాన్ అనే మీటల వాద్యం మెల్లగా ఒక ముక్క అల్లుకుంటున్నాయి. డ్రమ్స్ ముందు కూర్చున్న బిల్ బ్రూఫర్డ్ ఇక్కడ తన అవసరం లేదనుకుని, పుల్లలు రెండూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని చివరిదాకా ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆ ముక్క 1974లో వాళ్ళ ఆల్బంలో ‘ట్రయో’ పేరుతో వచ్చింది. రచయితల్లో ఒకడిగా బ్రూఫర్డ్ పేరూ వేశారు. చక్కటి నిగ్రహం చూపినందుకట! మన కచేరీల్లో కొందరు మృదంగం వాళ్ళకు ఈ కథ చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ప్రశ్న: మా స్నేహితులం నలుగురం ఇలా వాయిస్తున్నాం. ఒక ఫంక్షన్ హాలు దొరికింది. లైవ్‌గా ఎలా రికార్డు చేయాలి?
– గిటారు వాయించే యువకుడు, వనపర్తి

జవాబు: సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరలో భేరీలు దగ్గరికి వచ్చినప్పుడు నా టేప్‌రికార్డరు సూది ఎర్ర గీత దాటి అక్కడే అతుక్కుపోయేది. టేపు అలాంటి దెబ్బను కొంత సర్దుకుని, గరగరమన్నా ఏదో ఒకటి మిగిల్చేది. ఇప్పటి డిజిటల్ రికార్డరు సర్దుకోదు. హద్దు దాటిన శబ్దం పగిలిపోతుంది, తర్వాత బాగుచేయలేం. అందుకని ముందు మీ నలుగురూ ఎంత గట్టిగా వాయించగలరో అంత గట్టిగా వాయించి, ఆ పెద్ద శబ్దం మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకో. వేదిక మీద అందరూ వేడెక్కుతారు, మిగిలిన జాగా అప్పుడు పనికొస్తుంది.

ప్రతి వాద్యానికీ ఒక మైకు పెట్టే డబ్బు లేకపోతే రెండు మంచి మైకులు చాలు. వేదికకు కాస్త దూరంలో, కూర్చున్న మనిషి చెవికంటే ఎత్తులో పెట్టు. డ్రమ్స్ మింగేస్తుంటే మైకులు జరపకు, డ్రమ్స్‌నే వెనక్కి జరుపు. పైన రేకులుంటే మోత తిరిగొస్తుంది. డ్రమ్స్ కింద జంపఖానా పరిచి, వెనక గోడకు షామియానా గుడ్డలు వేలాడదీయి. జనం కూర్చోకముందే రికార్డింగు మొదలుపెట్టి అందరూ వెళ్ళాక ఆపు. దగ్గులు, కుర్చీ కాళ్ళ చప్పుళ్ళు, ఎవరో చంటిపిల్ల ఏడుపు పడితే పడనీ. ముక్క మధ్యలో మాత్రం కోయకండి. బాగాలేకపోతే ఆ ముక్క మొత్తం తీసేయండి.

ప్రశ్న: లాస్ట్ ఎగ్జిట్ క్యాసెట్ మీ దగ్గర ఉంటే కాపీ ఇస్తారా?
– భువనగిరి

జవాబు: లేదు. ఉన్నా ఇవ్వను.

ప్రశ్న: మా ఊళ్ళో బ్యాండు మేళం మూసేసినవాళ్ళ దగ్గర పాత సాక్సోఫోన్ కొన్నాను. సరిగమలు నేర్చుకోకుండా నేరుగా బ్రోట్స్‌మన్‌లా అరిపించవచ్చా? ఆయనా సొంతంగానే నేర్చుకున్నాడట కదా!
– చిరు వ్యాపారి, గద్వాల

జవాబు: సొంతంగా నేర్చుకున్నాడు, నిజమే. అంటే గురువు లేడని అర్థం, సాధన లేదని కాదు. ముందుగా ఆ సాక్సోఫోన్ మీటల కింద ఉండే మెత్తలు చూపించుకోండి. ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటే అవి ఎండి గాలి వదిలేస్తాయి. నోటి దగ్గర ఊదితే కంపించే పలుచటి పుల్ల, అదే రీడు, కొత్తది వేయండి. అంచు విరిగిన పాత రీడు దానంతటదే కీచుమంటుంది, ఆ కీచు చూసి విద్య వచ్చేసిందనుకోకండి.

తర్వాత అన్నింటికంటే కింది స్వరం పట్టి, ఊపిరి అయిపోయేదాకా కదలకుండా నిలపండి. అది నిలిచాక వేళ్ళు తీయకుండా, గొంతు బిగింపూ నాలుక ఎత్తూ మార్చి అదే గొట్టంలోంచి పై స్థాయి రప్పించండి. మొదట అదే స్వరం ఒక స్థాయి పైన పలుకుతుంది, ఆ పైన దాని పంచమం, ఆ పైన ఇంకా. ఊదుతూనే గొంతులో గుర్రుమంటే స్వరం చీలి గరుకెక్కుతుంది. మీరు విన్న అరుపుకు ముడిసరుకు చాలావరకు ఇదే. నెలల పని. పెదవి లోపలి వైపు పుండు పడుతుంది, పడితే రెండు రోజులు ఆపండి.

సాధన తెల్లవారుజామున, ఊరికి దూరంగా కృష్ణ ఒడ్డున పెట్టుకోండి. ఇంట్లో వద్దు. మీ పక్కింటివాళ్ళు కూడా నాకు ఉత్తరం రాస్తారు.