చిన్నీ, వాళ్ళిద్దర్నీ అప్పుడే ముద్దు పెట్టుకోనివ్వకు

చిన్నీ,

నువ్వు పంపిన 24 పేజీల నేమ్, అదే నీ బొమ్మల కథకి వేసిన చిత్తుప్రతి, నిన్న రాత్రి కూర్చుని రెండుసార్లు చదివాను. మొదటిసారి అత్తగా చదివా, మా తమ్ముడి కూతురు ఇంత బాగా గీస్తుందా అని కళ్ళు చెమర్చాయి. రెండోసారి ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద వచ్చే జపాన్ బొమ్మల కథల్ని, అదే బీఎల్ (బాయ్స్ లవ్) మాంగాల్ని, ఏళ్ళ తరబడి చదువుతున్న మనిషిగా చదివా, అప్పుడు మాత్రం 17వ పేజీ దగ్గర ఆగిపోయా. ఇషిదా, మొరి అని ఇద్దరు మగవాళ్ళు, ఒకే ఆఫీసు, ఒకే టీమ్, పరిచయమై మూడు వారాలు, జిరాక్స్ మెషిన్ పక్కన ముద్దు. ఎందుకమ్మా అంత తొందర? స్లో బర్న్, నెమ్మదిగా సాగే ప్రేమ రాస్తున్నా అత్తా అని ఫోన్లో నువ్వే కదా చెప్పావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం, ఓపిగ్గా చదువు, నచ్చనిది వదిలెయ్.

నేను టోక్యో వచ్చిన కొత్తలో నిషి కసాయ్‌లో ఉండేదాన్ని, మన ఐటీ వాళ్ళు చాలామంది ఉండే ఏరియా, పొద్దున్నే తోజాయ్ లైన్ ట్రైన్‌లో ఊపిరాడని జనంలో నిలబడి చదవడం అక్కడే అలవాటైంది. పుస్తకాల షాపులో బిల్లు వేసేటప్పుడు కవర్ వెయ్యమంటారా అని అడిగి కాగితం అట్ట వేసిస్తారు, పక్కవాళ్ళకి మనం ఏం చదువుతున్నామో తెలీదు. ఆ అట్ట చాటున నేను చదివిన బీఎల్ పుస్తకాలకి లెక్కలేదు. తర్వాత ఇకెబుకురోలో ఒటోమె రోడ్ తెలిసింది, ఈ పుస్తకాలు అమ్మే షాపులున్న వీధి, ఇక ఆదివారాలన్నీ అక్కడే. 1970ల్లో అమ్మాయిల పత్రికల్లో లేడీ ఆర్టిస్టులు మొదలుపెట్టిన కథలు ఇవి, 1978లో జూన్ అని వీటికోసమే ఒక పత్రిక కూడా వచ్చింది, అప్పట్లో పేరున్న కథలు యూరప్ హాస్టళ్ళు, అందమైన అబ్బాయిలు, చివర్లో చావులు. ఆఫీసు కథ అలా కాదు. అందులో టై కట్టుకుని రిపోర్టు టైప్ చేస్తూ అలిసిపోయిన మామూలు మనుషులు ఉంటారు, నాకు అందుకే ప్రాణం.

ఇప్పుడు అసలు విషయం. నెమ్మదిగా సాగే ప్రేమ అంటే పేజీలు సాగదీయడం కాదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమున్నా ఎందుకు ఆగుతున్నారు అనే ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉండాలి, ఆ జవాబు చదివేవాళ్ళకి న్యాయంగా అనిపించాలి. ఎవరో ఫోన్ చేసి డిస్టర్బ్ చేయడం, తప్పుగా అర్థం చేసుకోవడం, మూడో మనిషి వచ్చి అడ్డుపడటం, ఇవన్నీ బయటినుంచి తెచ్చి పెట్టే అడ్డంకులు, రెండుసార్లకే విసుగొస్తుంది. ఆఫీసులో అడ్డం వెతకక్కర్లేదు, అక్కడే ఉంటుంది. నేను చెప్పి కాదనిపించుకుంటే రేపు పొద్దున 9 గంటలకి అదే మనిషి పక్క సీట్లో కూర్చుని "గుడ్ మార్నింగ్" అనాలి, సంవత్సరాల తరబడి అనాలి. కాలేజీలో అయితే తప్పించుకు తిరగొచ్చు. ఇక్కడ కుదరదు. నీ ఇషిదాకి ఆ భయం ఒక్కటి చాలు, అది నువ్వు ఒక్క పేజీలో కూడా గియ్యలేదు.

ఇంకో మాట, దాచిపెడితేనే సస్పెన్స్ అనుకోకు. చెర్రీ మ్యాజిక్ ఉంది చూడు, తొయొతా యూ 2018లో మొదలుపెట్టిన మాంగా, 2020లో టీవీ డ్రామా, 2024లో యానిమే కూడా వచ్చాయి. 30 ఏళ్ళ అదాచికి ముట్టుకుంటే ఎదుటివాళ్ళ మనసులో మాట వినపడే శక్తి వస్తుంది, కిక్కిరిసిన లిఫ్ట్‌లో తోటి ఉద్యోగి కురొసావా తగిలితే తనంటే అతనికి ఎంత ప్రేమో మొదట్లోనే తెలిసిపోతుంది. అంటే ప్రేమిస్తున్నాడా లేదా అనే ప్రశ్న మొదటే అయిపోయింది. అయినా మనం వాల్యూములకి వాల్యూములు ఎందుకు చదువుతాం? తెలిసిన మనిషి ఇప్పుడేం చేస్తాడు, నేను అంత ప్రేమకి తగినవాణ్ణేనా అని లోపల ఎలా కుంగుతాడు, అడగకుండా విన్నందుకు ఎంత సిగ్గుపడతాడు, అవి చూడటానికి. కాబట్టి నువ్వు కూడా ముందే చెప్పేసెయ్, తర్వాత వాళ్ళ ధైర్యం మీద టైమ్ తీసుకో.

ఇక పిలుపుల సంగతి, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. జపాన్ ఆఫీసులో అందరూ ఇంటిపేరుతోనే పిలుచుకుంటారు, ఇషిదా-సాన్, పెద్దవాడు చిన్నవాణ్ణి మొరి-కున్, బాసుని అయితే పేరుతో పని లేదు కచో (సెక్షన్ హెడ్) అని పదవితోనే. పదేళ్ళు పక్కపక్కన పనిచేసినవాళ్ళు కూడా సొంత పేరుతో పిలుచుకోకపోవచ్చు. అందుకే ఈ మాంగాల్లో ఒకడు మొదటిసారి రెండోవాణ్ణి సొంత పేరుతో, వెనక సాన్ కున్ ఏమీ లేకుండా పిలిస్తే, అది ముద్దు కంటే పెద్ద సంఘటన, దానికి ఫుల్ పేజీ ఇస్తారు. నువ్వేమో రెండో పేజీలోనే యూతా అని సొంత పేరుతో పిలిపించేశావు! నీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తిని రెండో పేజీలో ఖర్చు పెట్టేశావు తల్లీ.

దానికి తోడు నువ్వు రాసేది తెలుగులో, అది నీకు దొరికిన వరం. ఇంగ్లీషులో చదివేవాళ్ళకి యూ ఒక్కటే, జపనీస్‌లో మర్యాద మాట నుంచి మామూలు మాటకి జారినప్పుడు వచ్చే ఆ జలదరింపు వాళ్ళకి ఎలా చెప్పాలో తెలీక అనువాదాలు చేసేవాళ్ళు తంటాలు పడతారు. మనకి మీరు ఉంది, నువ్వు ఉంది, అండీ ఉంది. మొరి ఏడాదంతా "మీరు తిన్నారా అండీ" అంటాడు, ఒక రాత్రి అలసటలో అండీ పోయి "మీరు తిన్నారా" అంటాడు, ఇషిదా ఆ చిన్న లోటు గమనించి ఏమీ అనడు కానీ ఇంటికెళ్ళే దారంతా దాన్నే తలుచుకుంటాడు. ఆ ఒక్కదాంతో నీకు మూడు పేజీలు వస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం, రా అనిపించకు. మన దగ్గర ఇద్దరు మగవాళ్ళు ఏరా అనుకుంటే వాళ్ళు చిన్నప్పటి దోస్తులైపోతారు, ఆ చనువు ప్రేమ పక్కనుంచి దాటి వేరే చోటికి పోతుంది. మీరు నుంచి నువ్వు దాకా రావాలి, అక్కడ ఆగాలి. సాన్, కున్ మాత్రం అలాగే ఉంచు, గారు పెడితే టోక్యో పోయి తాలూకాఫీసు అవుతుంది.

ప్రేమ అనే మాట కూడా తీసెయ్. వాళ్ళు చెప్పేది సుకి, అన్నం అంటే సుకి, పిల్లి అంటే సుకి, నువ్వంటే సుకి. ఐషితెరు, అంటే నిన్ను ప్రేమిస్తున్నా, అని మామూలు మనుషులు నోరారా చెప్పుకోవడం చాలా అరుదు. మనకి అచ్చంగా సరిపోయే మాట ఇష్టం. "పులిహోర ఇష్టం" అనే నోటితోనే "మీరంటే ఇష్టం" అంటాం, విన్నవాడు ఏ ఇష్టమో తేల్చుకోలేక తల్లడిల్లే వీలు అందులోనే ఉంది, జపనీస్ కథలన్నీ ఆ సందులోనే కదా నడిచేది. పైగా అక్కడ చెప్పడం అంటే కొకుహకు, సూటిగా నిలబడి ఇష్టమండీ, నాతో ఉండండి అని అడగడం, అప్పటిదాకా ఎంత తిరిగినా లెక్కలోకి రాదు చాలామందికి. నీ కథలో అది ఎక్కడ వస్తుందో ముందే గుర్తు పెట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ రా.

కథలో కాలం ఎలా నడపాలో తెలియట్లేదు అన్నావు కదా. ఆఫీసు క్యాలెండర్ పట్టుకో. వాళ్ళకీ మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి, కొత్తవాళ్ళు ఏప్రిల్ 1న ఒకే బ్యాచ్‌గా చేరతారు, ఆ బ్యాచ్ వాళ్ళని దోకి అంటారు, అది ఒక జీవితకాలపు చుట్టరికం. జూన్‌లో ముసురు, ఒకే గొడుగు కింద నడిస్తే ఆ బొమ్మకి అక్కడ చిన్నపిల్లలకి కూడా అర్థం తెలుసు, మన దగ్గర గోడ మీద పేర్లు రాసి ప్లస్ గుర్తు పెట్టినట్టు వాళ్ళు గొడుగు గీసి అటూ ఇటూ పేర్లు రాస్తారు. డిసెంబర్‌లో బోనెన్‌కై అనే ఏడాది చివరి పార్టీలు, ఫిబ్రవరి 14న మర్యాదకి ఇచ్చే చాక్లెట్ వేరు మనసుతో ఇచ్చేది వేరు, మార్చి 14న తిరిగి ఇవ్వడం. అన్నిటికంటే క్రూరమైనది మార్చిలో వచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్, ఒసాకా వెళ్ళు, ఫుకువొకా వెళ్ళు అని చెప్తారు, చేతిలో కొన్ని వారాలే. ఏడాది పొడుగునా ఏమీ చెప్పుకోని ఇద్దరికి ఇంతకంటే గడువు ఏం కావాలి? లాస్ట్ ట్రైన్ మిస్సయ్యే సీన్ మాత్రం ఒక్కసారే వాడు, అర్ధరాత్రి దాటాక ట్రైన్లు ఆగిపోతే మళ్ళీ తెల్లారుజామున 5 దాకా లేవు నిజమే, కానీ వాళ్ళు ప్రతి చాప్టర్‌లో మిస్సవుతుంటే టైమ్ చూసుకోవడం రాదా వీళ్ళకి అనిపిస్తుంది.

ఒక సంగతి చెప్తా, ఇది ఎవరికీ పెద్దగా చెప్పలేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇద్దరుండేవాళ్ళు, చలికాలంలో ఒకాయన పొద్దున్నే వెండింగ్ మెషిన్ నుంచి వేడి కాఫీ క్యాన్ తెచ్చి రెండో ఆయన కీబోర్డ్ పక్కన పెట్టేవాడు. మాట లేదు. ఆయన వచ్చి కోటు విప్పకముందే ఆ క్యాన్‌ని రెండు చేతులతో పట్టుకునేవాడు. అంతే నేను చూసింది. కానీ ఆఫీసులో ఎవరో దాన్ని పుకారు చేశారు, లంచ్ టేబుల్ దగ్గర నవ్వులు మొదలయ్యాయి, నేను అక్కడే కూర్చుని ఉన్నా, ఆపమని అనలేదు, భాష సరిగ్గా రాదు అని నాకు నేను చెప్పుకున్నా. వారం తిరక్కుండా ఆ కాఫీ ఆగిపోయింది. వాళ్ళ మధ్య ఏముందో నాకు తెలీదు, తెలుసుకునే హక్కు కూడా లేదు. ఒకరి విషయం వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని అక్కడ అవుటింగ్ అంటారు, 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీల్లో పవర్ హరాస్‌మెంట్ (పదవి బలంతో చేసే వేధింపులు) మీద చట్టం వచ్చింది, దాని గైడ్‌లైన్స్‌లో ఇది కూడా ఉంది. ఆ చట్టం మా లంచ్ టేబుల్‌కి చాలా ఆలస్యంగా వచ్చింది. నువ్వు కథలో ఎంతైనా ఊహించు చిన్నీ, కానీ నీ ఆఫీసులో నిజం మనుషుల్ని చూసి జంటలు కట్టకు, సరదాకి కూడా వద్దు.

అందుకే నీ కథలో భయాన్ని నాన్నగారు గుమ్మంలో నిలబడి అరిచే సీన్‌తో చూపించకు, నీ 21వ పేజీ అదే. అది మన సినిమా. అక్కడ ఎవరూ అరవకపోవచ్చు, బాసు పార్టీలో నవ్వుతూ "ఇషిదా-కున్, ఇంకా పెళ్ళి ఎప్పుడు" అంటాడు, ఇషిదా కూడా నవ్వుతాడు, పక్కన మొరి బీర్ గ్లాసు వంక చూస్తాడు, దేశంలో మగవాళ్ళిద్దరి పెళ్ళికి ఇంకా చట్టం లేదు. 2015లో టోక్యోలోని షిబుయా వార్డు ఇలాంటి జంటలకి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, 2022 నవంబర్ నుంచి టోక్యో మొత్తానికీ అలాంటి ఏర్పాటు వచ్చింది, నీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో తేల్చుకుంటే చివర్లో వాళ్ళు వార్డు ఆఫీసుకి వెళ్ళగలరో లేదో కూడా తేలుతుంది.

సీనియర్ జూనియర్ విషయం క్లుప్తంగా. పాత కథల్లో పైవాడు బలవంతం చేస్తే కిందివాడు తర్వాత ప్రేమిస్తాడు, అది రాయకు, నేను చదివాను, నాకు నచ్చలేదు. ఓల్డ్ ఫ్యాషన్ కప్‌కేక్ అనే మాంగాలో 39 ఏళ్ళ బాసు నొజుఏని 29 ఏళ్ళ తొగావా పాన్‌కేక్‌లు తినడానికి తీసుకెళ్తాడు, అడుగు ముందుకేసేది చిన్నవాడే, ఆ ఒక్క నిర్ణయంతో ఎంత హాయిగా చదవగలమో చూడు.

పేజీలు గీసేటప్పుడు ఇంకొకటి. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి, నీది ఎడమ నుంచి కుడికి, కాబట్టి పేజీ తిప్పే చోటు నీకు కుడిపేజీ చివరి గడి. వాళ్ళు ఆ తిప్పడాన్ని మెకురి అంటారు, చెయ్యి చాచడం చివరి గడిలో ఉంటుంది, చెయ్యి ఎక్కడ ఆగిందో తిప్పాకే తెలుస్తుంది. మాటల్లేని గడులకి భయపడకు. జపనీస్‌లో నిశ్శబ్దానికి కూడా షీన్ అని ఒక శబ్దం రాస్తారు, మనకి చీమ చిటుక్కుమంటే వినపడేంత అనే సామెత ఉంది, నువ్వు ఆ గడిలో నిజంగా చిన్న చప్పుడు ఒకటి పెట్టు, గడియారం, ఏసీ, ఎవరో స్టేప్లర్ కొట్టిన చప్పుడు.

ముద్దు 17వ పేజీ నుంచి తీసి నాలుగో చాప్టర్ దాకా జరుపు, యూతా అనే పిలుపుని ఇంకా అవతలికి. 14వ పేజీ మాత్రం ముట్టుకోకు. మొరి తడిసి వస్తే ఇషిదా టవల్ ఇవ్వబోయి, ఎంతో దగ్గరగా వచ్చి, దాన్ని టేబుల్ మీద పెట్టి వెనక్కి తగ్గాడు చూడు, ఆ టవల్ మడత గీసిన తీరు చూసి నాకు ఆ కాఫీ క్యాన్ గుర్తొచ్చి చాలాసేపు లైట్ ఆర్పకుండా కూర్చున్నా. రెండో చాప్టర్ నేమ్ దసరా లోపు పంపు.

మీ అత్త