పచ్చళ్ళ షాపు పెట్టమంటారా?

ప్రశ్న: మాది తణుకు. నాకు 41 ఏళ్ళు. మావారు రైస్ మిల్లులో గుమస్తా, బాబు ఇంటర్ రెండో ఏడు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్న ఆవకాయ, గోంగూర పచ్చడి తిన్నవాళ్ళంతా షాపు పెట్టమంటున్నారు. చుట్టాలకి, హైదరాబాద్‌లో మా ఆడపడుచు స్నేహితులకి కలిపి నెలకు 8 కిలోల దాకా ఇస్తున్నాను. కిలోకి సరుకుల ఖర్చు 230, ఇస్తున్నది 350కి, అంటే 120 మిగులుతోంది. నెలకు 15 వేలు వస్తే చాలు నాకు. బజారులో ఒక గది చూశాం, అద్దె 6 వేలు, అడ్వాన్సు 50 వేలు. బాబు ఇంజనీరింగ్‌కని దాచిన 2 లక్షలున్నాయి, చాలకపోతే డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుందామనుకుంటున్నాను. అత్తగారు మాత్రం "మనింట్లో పచ్చళ్ళు అమ్ముకోవడమేంటి" అని నాతో మాట్లాడటం మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఏడాది షాపు వద్దమ్మా. వ్యాపారం వద్దని కాదు, షాపు వద్దంటున్నాను. ఎందుకంటే మీరు పంపిన లెక్కలోనే చిక్కుంది.

కిలోకి 120 మిగులుతోందన్నారు కదా, అందులోంచి డబ్బా, సీలు, లేబుల్‌కి ఒక 25 తీయండి. కాయలు కడిగి తుడిచి ముక్క కొట్టించడానికి, సాయం వచ్చే మనిషికి ఒక 15. గ్యాసుకి, ఆటోకి 10. రుచి చూడమని ఇచ్చేవి, కారిపోయేవి, బూజు పట్టి పారేసేవి కలిపి ఇంకో 10 వేసుకోండి. ఇక మిగిలేది 60 రూపాయలే. 15 వేలు రావాలంటే నెలకు 250 కిలోలు అమ్మాలి. మీరిప్పుడు అమ్ముతున్నది 8. షాపు తీసుకుంటే అద్దె కట్టడానికే ఇంకో 100 కిలోలు పోతాయి, ఆ పైన కరెంటు బిల్లు.

ధర మీద ఎందుకు మొహమాటపడుతున్నారో నాకు తెలుసు, చుట్టాలు కాబట్టి. అదే పచ్చడి 450కి ఇవ్వగలిగితే కిలోకి 160 మిగులుతుంది, అప్పుడు 94 కిలోలు చాలు. అందుకే మీరు తేల్చుకోవాల్సింది పచ్చడి బావుందా లేదా అని కాదు, అది ఎప్పుడో తేలిపోయింది. మీ మొహం ఎరగని మనిషి 450 పెట్టి కొని, అయిపోగానే మళ్ళీ ఫోను చేస్తాడా అన్నది తేల్చుకోవాలి. మేనత్త మెచ్చుకుంది కదా అని దాన్ని ఆర్డరు కింద లెక్క వేసుకోకండి.

ఆవకాయతో ఇంకో ఇబ్బంది ఉంది. కాయ, కొత్త కారం, ఆవపిండి, పప్పు నూనె అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే కొనాలి, డబ్బంతా ఒక్కసారే జాడీల్లోకి వెళ్ళిపోతుంది, తిరిగి వచ్చేది మాత్రం ఏడాది పొడుగునా కిలో కిలోగా. మీ బాబు కాలేజీ ఫీజు కట్టాల్సింది కూడా సరిగ్గా ఆ తర్వాత మూడు నాలుగు నెలల్లోనే. ఆ 2 లక్షలు ముట్టుకోకండి, దయచేసి. డ్వాక్రా లోను కూడా ఇప్పుడే వద్దు, మీ వాయిదా ఆగితే పక్కింటి ఆవిడ పొదుపు మీద పడుతుంది, ఊళ్ళో మొహం చూపించుకోవడం కష్టమవుతుంది. వ్యాపారం నిలబడ్డాక కావాలంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా హామీ లేకుండా బ్యాంకు లోను ఉంది, అప్పుడు అడగొచ్చు.

ఈ సీజన్‌కి ఇంట్లోంచే 60 కిలోలు పెట్టండి. సరుకులకి 14 వేల లోపే అవుతుంది, డబ్బాలతో సహా 20 వేలు దాటనివ్వకండి. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టనని ఇప్పుడే మీవారితో కూర్చుని రాసుకోండి, ఆయన సరేనంటారనే నా నమ్మకం. చుట్టాలకి 20 కిలోలు చాలు, మిగతా 40 కొత్తవాళ్ళకే, పూర్తి ధరకే.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. ఇంట్లో చేసి అమ్మినా, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు, వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. చాలామంది పట్టించుకోనిది హైదరాబాద్ విషయం. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. హైదరాబాద్ మనకి ఇప్పుడు వేరే రాష్ట్రం, అక్కడికి అమ్మితే కిలో అయినా రిజిస్ట్రేషన్ కావాలి. అందుకని మొదటి ఏడాది తణుకు, భీమవరం, రాజమండ్రి వైపే చూసుకోండి. పార్సిల్‌లో నూనె కారి చీర మీద పడిందన్న ఫోన్ల గొడవ కూడా తగ్గుతుంది.

ఇక మీ అత్తగారు. ఆ పచ్చడి ఆవిడ చెయ్యి కదా, కోపం రావడంలో వింత లేదు. మీరిద్దరూ గిద్దలు, సోలలతో, చేత్తో అంచనాగా వేస్తారు. 2 కిలోలకి అది సరిపోతుంది, 60 కిలోలకి మాత్రం రెండో డబ్బా ఉప్పగా, మూడోది చప్పగా వస్తుంది. కాటా తెచ్చి ఆవిడ ముందు పెట్టండి. "అత్తయ్యా, మీరు మామూలుగానే వేయండి, నేను తూచి రాసుకుంటాను" అనండి. ఉప్పెంత, కారమెంత, ఆవపిండి ఎంత, గ్రాముల్లో ఆవిడ చేతి కొలతే మీ నోట్‌బుక్‌లోకి రావాలి. కాయ మార్కెట్లోకి వచ్చేలోపే కూర్చోండి, ఆవిడ మాట్లాడకపోయినా కాటా వైపు చూస్తారు.